పై అంతస్తు వేడికి ఏది ముందు: తెల్ల పూతా, కూలింగ్ టైల్సా, థర్మోకోల్ సీలింగా?

మూడో_అంతస్తు, విజయవాడ

అందరికీ నమస్కారం. మాది మూడంతస్తుల ఇల్లు. మేముండేది పై అంతస్తులో, మా మీద వట్టి స్లాబు తప్ప ఏమీ లేదు. మార్చి వచ్చిందంటే రాత్రి పదకొండు దాటినా పడకగది చల్లబడదు. ఫ్యాను వేస్తే వేడిగాలే మొహాన కొడుతుంది. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఏసీలో పడుకుంటే కీళ్లు పట్టేస్తాయి. అందుకే ఏసీ సంగతి పక్కనపెట్టి ఇంటి గురించే అడుగుతున్నాను.

నలుగురిని పిలిపిస్తే నాలుగు మాటలు చెప్పారు. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయమని ఒకరు, ఎండను తిప్పికొట్టే తెల్లటి కూలింగ్ టైల్స్ పరచమని ఇంకొకరు, లోపల థర్మోకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ చేయించమని మరొకరు, పైన ఇనుప స్తంభాలు నిలబెట్టి రేకుల షెడ్డు వేయమని నాలుగో ఆయన. ఖర్చుల మధ్య చాలా తేడా ఉంది. పైగా పడమటి గోడకు ఎలివేషన్ కోసమని ముదురు బూడిద రంగు వేయించాం. ఏది ముందు చేయాలో, ఎందుకు చేయాలో చెప్పండి. కారణం తెలిస్తే ఇంట్లో ఒప్పించగలను.

కొలతబద్ద, హైదరాబాద్

అమ్మా, ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాత్రి పది గంటలకు స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించండి. తర్వాత పడమటి గోడకు లోపలి వైపు ఆనించండి. ఏది ఎక్కువ కాలుతుంటే మీ శత్రువు అదే. పై అంతస్తు ఇళ్లలో చాలావరకు సీలింగే అని తేలుతుంది.

కారణం అడిగారు కాబట్టి చెబుతాను. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు మొదట్లో మళ్లీ అంతే. ఆ నెలల్లో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. తూర్పు, పడమటి గోడలు తలా ఒక పూట ఎండను మోస్తాయి. స్లాబు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోస్తూనే ఉంటుంది.

లెక్క చూడండి. నడిమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు అనుకుందాం. నల్లబడిన పాత సిమెంటు స్లాబు అందులో ముప్పావు వంతు తాగేస్తుంది. మంచి తెల్ల పూత, కాస్త దుమ్ము పట్టాక కూడా, సుమారు మూడో వంతే తాగుతుంది. బయటి గాలి 40 డిగ్రీలున్నప్పుడు, ఎండ ప్రభావాన్ని కూడా కలిపి చూస్తే, నల్ల స్లాబు 73 డిగ్రీల గాలి తగిలినట్టు వేడెక్కుతుంది. తెల్లది 53 దగ్గర ఆగుతుంది. మామూలు ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు మూడున్నర వాట్ల వేడి దిగుతుంది. నల్ల స్లాబుకూ తెల్లదానికీ మధ్య ఉన్న ఇరవై డిగ్రీల తేడాకు డెబ్బై వాట్లు. వంద గజాల స్లాబు మీద ఇది దాదాపు 5.8 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ తోడేసే వేడి 5.3 కిలోవాట్లు. స్లాబు తన ఒంట్లో కొంత వేడిని దాచుకుంటుంది కాబట్టి ఆ శిఖరం ఇంత నిటారుగా ఉండదు, కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది. మీకు రాత్రి పదకొండు గంటలప్పుడు తగులుతున్న వేడి ఆ ఆలస్యంగా వచ్చిందే.

ఇంకొక సంగతి. ఫ్యాను వేసినా హాయి లేదన్నారు. మన శరీరం గాలి నుంచే కాదు, చుట్టూ ఉన్న గోడలు, సీలింగు నుంచి కూడా వేడి తీసుకుంటుంది, ఇస్తుంది. నిలకడ గాలిలో ఆ రెంటికీ దాదాపు సమాన వాటా. గదిలో గాలి 33 డిగ్రీలు, చుట్టూ ఉన్న ఉపరితలాల సగటు 39 అనుకోండి. ఒంటికి తెలిసేది 36. థర్మామీటరు 33 చూపిస్తున్నా మీ అత్తగారు అల్లాడిపోవడానికి కారణం అదే.

కాబట్టి ముందు తెల్ల పూత. తర్వాత పడమటి గోడ. మిగతావన్నీ ఆ తర్వాత.

సున్నపుబట్టీ, అనంతపురం

కొలతబద్ద గారి మాటకు నా మద్దతు. అయితే ఖరీదైన పెయింటే అక్కరలేదు. మంచి సున్నం కొత్తగా వేసినప్పుడు ఎండను నూటికి ఎనభై పాళ్ల దాకా తిప్పికొడుతుంది. మా పెద్దలు చేసిన పని సున్నమే, నేనూ అదే చేస్తున్నాను. రాతి సున్నాన్ని నీళ్లలో వేసి బాగా చల్లారనిచ్చి, గుడ్డతో వడగట్టాలి. కాస్త జిగురు కలపాలి. స్లాబును ముందు చీపురుతో రుద్ది, నీళ్లతో తడిపి, తడి ఆరకముందే పలచగా మొదటి పూత వేయాలి. పొడి స్లాబు మీద వేస్తే సున్నంలో నీళ్లను కాంక్రీటు లాగేసుకుంటుంది, పూత పొడిపొడిగా రాలిపోతుంది. అందరూ చేసే తప్పు అది. ఎండ దిగాక, సాయంత్రం వేయడం మంచిది. ఒకటి ఆరాక ఇంకొకటి, మూడు పూతలు. ఉగాదికి ముందు ఏటా ఒకసారి.

మా సీమలో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. దూలాల మీద కట్టెలు, వాటి మీద ఆకో, బోదో, దాని మీద జానెడు మట్టి, పైన నీళ్లు దిగకుండా చౌడు. అందులో మధ్యాహ్నం పడుకుంటే దుప్పటి అడిగేవారు. ఆ మందం వల్ల పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రయ్యేది. రాత్రి మా వైపు గాలి చల్లగా ఉంటుంది, కిటికీ తెరిస్తే ఆ వేడి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ మిద్దెలు పడగొట్టి నాలుగంగుళాల స్లాబు వేసి, దాన్ని అభివృద్ధి అంటున్నారు. నాకు బాధగా ఉంటుంది.

విశాఖ_తీరం, విశాఖపట్నం

నా అనుభవం వేరు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి మా తెల్ల డాబా పచ్చగా, ఆ తర్వాత నల్లగా మారింది. సముద్రపు తేమకు పాచి పడుతుంది. మీరు చెప్పే ఎనభై శాతం మొదటి వేసవికే. నా దృష్టిలో స్లాబు మీద రెండంగుళాల ఫోమ్ పలకలు పరిచి, పైన సిమెంటు, టైల్స్ వేయడమే శాశ్వత మార్గం. కేంద్రం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా పైకప్పు నుంచి దిగే వేడికే హద్దు పెట్టింది. డిగ్రీకి, చదరపు మీటరుకు 1.2 వాట్లు దాటకూడదు. వట్టి స్లాబుకు మూడున్నర అని కొలతబద్ద గారే చెప్పారు. తెల్ల రంగుతో ఆ హద్దులోకి రాలేం.

కొలతబద్ద, హైదరాబాద్

మీరు చెప్పిన హద్దు నిజమే. రెండంగుళాల ఫోమ్ వేస్తే ఆ సంఖ్య దాదాపు 0.5కు దిగుతుంది. ఎండ వేళ లోపలికి దిగే వేడిని ఆపడంలో ఫోమ్ తెల్ల పూతను మించుతుంది. ఇందులో వాదనకు తావు లేదు.

అయితే ఆవిడ ఇల్లు ఏసీ లేని ఇల్లు. అక్కడ రాత్రి లెక్క కూడా చూడాలి. వంట, మనుషులు, కిటికీలు, పడమటి గోడ ద్వారా లోపల చేరిన వేడి బయటకు పోవడానికి స్లాబు ఒక దారి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి తెల్ల స్లాబు ఆకాశానికి వేడిని వెళ్లగక్కుతూ చుట్టుపక్కల గాలి కంటే చల్లబడగలదు. ఫోమ్ ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. అనంతపురంలో ఈ లాభం ఎక్కువ, విజయవాడలో తక్కువ. తేమ నిండిన ఆకాశం వేడిని తిరిగి కిందికి పంపుతుంది. తక్కువైనా లాభం లాభమే. ఏడాదిలో ఎనిమిది నెలలు ఏసీ నడిపే ఇంటికి నేనూ ఫోమే చెబుతాను, దాని మీద కూడా తెల్ల టైల్సే వేయమంటాను.

పాచి సంగతి కూడా నిజం. అందుకే కాలిఫోర్నియాలో పైకప్పు పూతలను కొత్తగా ఉన్నప్పటి తెలుపును బట్టి కాకుండా, మూడేళ్లు ఎండకూ వానకూ నిలిచాక మిగిలిన తెలుపును బట్టి అంచనా వేస్తారు. మన దగ్గర డబ్బా మీద కొత్త పూత సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. కొనేటప్పుడు ఆ ప్రశ్న అడగండి. సున్నానికి క్షారగుణం ఉంది కాబట్టి తాజాగా ఉన్నంతకాలం పాచిని ఆపుతుంది. ఏటా వేసేవారికి సున్నం, వేయలేనివారికి తెల్ల టైల్సు ముక్కలు.

లోపలి థర్మోకోల్ మాత్రం వద్దు. స్లాబు అలాగే మండుతుంది, వ్యాకోచించి పగుళ్లు పెరుగుతాయి. వేడిని ఆపితే ఎండ తగిలే చోటే ఆపాలి.

విశాఖ_తీరం, విశాఖపట్నం

ఏసీ లేని ఇంటికి మీ మాట ఒప్పుకుంటాను. ఏసీ ఉన్న ఇంటికి నా మాట నిలిచింది. కానీ మన తీరంలో ఏసీ లేని పై అంతస్తులు ఇంకెన్నాళ్లుంటాయో మీరూ ఆలోచించండి. ఒక్కసారి కట్టేటప్పుడే ఫోమ్ వేసుకోవడం తెలివైన పని.

రేకులగది, హైదరాబాద్

మీరంతా స్లాబుల గురించి మాట్లాడుతున్నారు. నేను బస్తీల్లో తిరిగి పనిచేస్తాను. అక్కడ స్లాబు లేదు, రేకే. సిమెంటు రేకు లేదా ఇనుప రేకు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ గదిలో నిలబడితే నడినెత్తి మీద కుంపటి పెట్టినట్టే ఉంటుంది. చంటిపిల్లలున్న తల్లులు మధ్యాహ్నాలు గుడి అరుగుల మీద గడుపుతారు. ఇంట్లో కూర్చుని కుట్టుపని, అగరుబత్తుల పని చేసుకునేవారికి ఆ అవకాశం కూడా లేదు. ఎండ వాళ్ల కూలిని కూడా తినేస్తోంది.

2017లో హైదరాబాద్‌లో ఇలాంటి పేద కుటుంబాల ఇళ్లు పాతిక తీసుకుని పైకప్పుల మీద తెల్లటి పొర వేసి చూశారు. పక్కనే ఉన్న మామూలు ఇళ్లతో పోలిస్తే లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు తక్కువ ఉంది. రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. కొలతబద్ద గారు చెప్పిన సీలింగు వేడి తగ్గడం దీనికి అదనం.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదటిసారి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు లక్ష్యం. సంతోషమే. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే అది తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఇష్టమైతే చేసుకోవచ్చు. నలభై గజాల రేకుల గదిలో ఉండేవారికి ఇష్టం లేక కాదు, డబ్బు లేదు. పైగా ఎక్కువమంది అద్దెకుంటారు, యజమాని ఒక్క రూపాయి పెట్టడు. అందరికంటే ముందు అందాల్సినవారిని చివర నిలబెట్టామని నేను ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాను, ఇక్కడా చెబుతున్నాను.

ఒక సందేహం. ఇనుప రేకు కొత్తగా ఉన్నప్పుడు అద్దంలా మెరుస్తుంది, ఎండను తిప్పికొట్టాలి కదా. మరి అంత కాలుతుందేమిటి?

కొలతబద్ద, హైదరాబాద్

మంచి ప్రశ్న. బయటి ఉపరితలానికి రెండు గుణాలుంటాయి. ఎండను తిప్పికొట్టడం ఒకటి, తాగిన కాస్త వేడిని తిరిగి ఆకాశానికి వదలడం రెండోది. మెరిసే జింకు పూత రేకు మొదటి పనిలో ఫరవాలేదు, రెండో పనిలో చాలా బలహీనం. అదే వేడి మీద ఒక ఉపరితలం అత్యధికంగా వదలగలిగిన దాంట్లో నాలుగో వంతు దాకా మాత్రమే వదలగలదు. సున్నమైనా, పెయింటైనా, మట్టైనా, పెంకైనా తొంభై శాతం దాకా వదులుతాయి. అందుకే మెరుపు కంటే తెలుపు మేలు. రేకుకు మందం లేదు కాబట్టి వేడి ఆలస్యం కూడా కాదు, క్షణాల్లో కిందికి దిగుతుంది. దానికి ఉన్న ఒకే ఒక మంచి గుణం, పొద్దు వాలాక త్వరగా చల్లబడటం. తెల్ల పూత వేస్తే ఆ గుణం పోదు, పగటి బాధ తగ్గుతుంది. రేకుల ఇంట్లో పెట్టే ప్రతి రూపాయికీ స్లాబు ఇంటి కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మూడో_అంతస్తు గారికి షెడ్డు సలహా ఇచ్చిన ఆయన పూర్తిగా తప్పు కాదు. నీడ ఎప్పుడూ మంచిదే. కానీ రేకుకూ స్లాబుకూ మధ్య నాలుగు వైపులా గాలి ఆడాలి. చుట్టూ మూసేస్తే అదొక పొయ్యి అవుతుంది.

పారిస్_చదువు, పారిస్

చల్లని దేశాల్లో ఈ గొడవ లేదనుకునేవారి కోసం రాస్తున్నాను. ఈ నగరంలో పాత భవనాల పైకప్పులు బూడిద రంగు జింకు రేకులే. కొలతబద్ద గారు చెప్పిన లోహమే. వాటి కింద ఒకప్పుడు పనిమనుషుల కోసం కట్టిన చిన్న చిన్న గదులున్నాయి. ఇప్పుడు నాలాంటి విద్యార్థులు, ఒంటరి వృద్ధులు ఉంటారు. 2003 ఆగస్టు వడగాలికి ఫ్రాన్స్‌లో మామూలు కంటే సుమారు పదిహేను వేల మంది ఎక్కువగా చనిపోయారు. ఆ తర్వాత పరిశోధకులు చూస్తే, సరిగ్గా పైకప్పు కింద పడకగది ఉన్న వృద్ధులకు ముప్పు ఎక్కువని తేలింది. 1995లో చికాగో వడగాలిలో ఏడు వందల మందికి పైగా పోయారు. అక్కడా పై అంతస్తులో ఉండేవారికే ముప్పు ఎక్కువ. ఆ ఇళ్లు చలి కోసం కట్టినవి. ఎండ గురించి ఎవరూ ఆలోచించలేదు. మీ అత్తగారి గది సంగతి పట్టించుకుని మీరు చాలా మంచి పని చేస్తున్నారు, అక్కా.

డాలస్_వాసి, టెక్సాస్

మా ఇళ్ల తీరు వేరు. పైకప్పు మీద ముదురు రంగు తారు పెంకులు ఉంటాయి. అవి ఎండలో ఎక్కువ భాగాన్ని తాగేస్తాయి. కింద అటక, అటక నేల మీద అడుగు మందం దూదిలాంటి గాజునార. వేసవి మధ్యాహ్నం అటకలో 60 డిగ్రీలు ఉండటం ఇక్కడ మామూలే. కానీ ఆ దూది వల్ల గదిలోకి దిగేది చాలా తక్కువ. అంత మందం వేశాక పైకప్పు రంగు మారిస్తే గదిలో పెద్ద తేడా ఉండదు. ఒక మినహాయింపు: చాలా ఇళ్లలో ఏసీ గొట్టాలు ఆ అటకలోంచే వెళతాయి. చల్లటి గాలిని 60 డిగ్రీల గదిలోంచి తీసుకెళ్లడం ఎంత వ్యర్థమో ఆలోచించండి. అక్కడ మాత్రం రంగు పనికొస్తుంది.

మా కాలనీ సంఘం తెల్ల పైకప్పుకు ఒప్పుకోదు, అందం చెడుతుందంటుంది. సూర్యకాంతిలో సగానికి పైగా శక్తి కంటికి కనిపించని పరారుణ భాగంలో ఉంటుంది. ఆ భాగాన్ని మాత్రం తిప్పికొట్టే గోధుమ, ఎరుపు రంగు పెంకులు దొరుకుతున్నాయి. తెల్లదానంత పని చేయవు, మామూలు ముదురు పెంకు కంటే చాలా మెరుగు.

లేహ్_సిపాయి, కర్నూలు

సైన్యంలో ఉండగా లదాఖ్‌లో పనిచేశాను. అక్కడ మీ సలహాలన్నీ తలకిందులు. ఎండే ప్రాణం. పాత ఇళ్లకు మందపాటి పచ్చి ఇటుక గోడలు, ఉత్తరం వైపు కిటికీలు దాదాపు ఉండవు, అన్నీ దక్షిణానికే. శీతాకాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కదా. కొన్ని కొత్త కట్టడాల్లో దక్షిణపు గోడకు నల్ల రంగు వేసి, నాలుగు వేళ్ల ఎడంతో ముందు అద్దం బిగిస్తారు. ట్రోంబ్ గోడ అంటారు. పగలు గోడ ఎండను తాగుతుంది, రాత్రి ఆ వేడిని లోపలికి ఇస్తుంది. ఫే గ్రామం దగ్గర సెక్‌మోల్ పాఠశాలను మట్టితో, ఎండ వేడితోనే గడిచేలా కట్టారు. బయట నీళ్లు గడ్డకట్టే చలిలో లోపల పిల్లలు చదువుకుంటారు.

నాకు అర్థమైంది ఇది: అక్కడివారు గోడకు రంగు వేసేముందు సూర్యుడు ఏ నెలలో ఎటు నడుస్తాడో చూస్తారు. మన దగ్గర ఇల్లు కట్టేవారు పుస్తకంలో ఎలివేషన్ బొమ్మ చూసి రంగు ఎంచుతున్నారు.

మూడో_అంతస్తు, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష చేశాను. సీలింగే ఎక్కువ కాలుతోంది, పడమటి గోడ దానికి దగ్గరగానే ఉంది. తెల్ల పూత ఖాయం చేశాం. మా వారు కూడా ఒప్పుకున్నారు, ఏసీ లెక్క చూశాక.

ఇక పడమటి గోడ. తెల్ల రంగు వేస్తే ఎదురింటివారికి వెలుగు కొడుతుందని భయం. సందు పది అడుగులే. ఆ గోడకున్న కిటికీకి పైన సజ్జ ఉంది, అయినా సాయంత్రం ఎండ మంచం మీదికి వస్తోంది.

కొలతబద్ద, హైదరాబాద్

మీ భయం సరైనదే. ఇరుకు సందులో తెల్లటి నున్నని గోడ ఎండను ఎదుటి గోడ మీదికి, దారిన పోయేవారి మీదికి నెడుతుంది. స్లాబు మీద తెలుపు ఆకాశానికి పోతుంది, గోడ మీద తెలుపు పక్కింటికి పోతుంది. లేత గోధుమ లేదా లేత పసుపు, గరుకు పూతతో వేయించండి. జైసల్మేర్ హవేలీల ముందరి గోడల మీద నున్నటి చోటు దాదాపు కనిపించదు. ఆ చెక్కడపు ఎత్తుపల్లాలు గోడకు తానే నీడ పడేలా చేస్తాయి.

గోడకు రంగు కంటే నీడ మేలు. సజ్జ నడినెత్తి సూర్యుడిని ఆపుతుంది. పడమటి ఎండ పక్కవాటుగా వస్తుంది, సజ్జ కిందనుంచి దూరిపోతుంది. కిటికీకి బయటి వైపు వెదురు తడికె గానీ, వట్టివేళ్ల తెర గానీ వేలాడదీయండి. లోపలి కర్టెను వల్ల పెద్ద లాభం లేదు, ఎండ అద్దం దాటాక వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే. హైటెక్ సిటీలో పడమటి ముఖానికి నిలువెత్తు అద్దాలు బిగించి, లోపల బ్లైండ్లు దించుకుని, పగలే లైట్లు వేసుకుని, ఏసీ పెంచుకునే భవనాలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ అద్దాలు చల్లటి దేశాల్లో ఎండను లోపలికి పిలవడానికి పుట్టినవి.

సున్నపుబట్టీ, అనంతపురం

పడమటి గోడకు రెండడుగుల ఎడంగా తీగ పందిరి పాకించండి, సందులో వీలుంటే. దొండ గానీ, శంఖుపూలు గానీ. తీగను నేరుగా గోడకు పాకనివ్వకండి, మీ వైపు తేమకు గోడ చెమ్మగిలుతుంది.

సాయంత్రం స్లాబు మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే మానక్కరలేదు. కానీ మా వైపు పొడిగాలికి ఆరినంత త్వరగా మీ దగ్గర ఆరదు. నీటి కరవున్న ఊళ్లలో దానికి బదులు తెలుపే మంచిది.

మూడో_అంతస్తు, విజయవాడ

తీగకు చోటు లేదు. తడికె కట్టిస్తాం. పూతకు ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

కొలతబద్ద, హైదరాబాద్

పగుళ్లు ముందు పూడ్చండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల ముఖ్యంగా. నీళ్లు నిలిచే పల్లాలుంటే వాలు సరిచేయించండి, నిలిచిన చోటే పాచి మొదలవుతుంది. నీళ్ల ట్యాంకు పొంగి కారే గొట్టాన్ని పూత మీద పడకుండా తిప్పించండి. రాత్రి కిటికీలు తెరవడానికి దోమతెర బిగించండి. పూత వేసే ముందు వారం, వేసిన తర్వాత వారం రాత్రి పదింటికి సీలింగు వేడిని, గది వేడిని రాసి ఇక్కడ పెడితే మాకందరికీ ఉపయోగం.

రేకులగది, హైదరాబాద్

నాదీ ఒక ప్రశ్న. మా బస్తీలో కొందరు దాతలు సున్నం ఇస్తామన్నారు. ఎక్కువ ఇళ్లవి పాత సిమెంటు రేకులు, నల్లటి పాచి పట్టి ఉన్నాయి. గీకి శుభ్రం చేసి వేయాలా?

కొలతబద్ద, హైదరాబాద్

గీకవద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకినా, ఉప్పుకాగితంతో రుద్దినా, పైపుతో జోరుగా నీళ్లు కొట్టినా ఆ నారలు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెల్లగా నీళ్లు పోసి నానబెట్టి, మెత్తటి తడి గుడ్డతో తుడవండి. ఆ నీళ్లు పిల్లలు ఆడే చోటికి పారకుండా చూడండి. ముక్కుకు మంచి మాస్కు ఉండాలి, మామూలు చేతిరుమాలు చాలదు. అడుగు రేకు మీద వేయవద్దు, పాతవి విరిగి మనుషులు పడిపోతారు. కింద దూలాలున్న చోట చెక్క పలక అడ్డంగా వేసి దాని మీదే నడవాలి. వట్టి సున్నం రేకు మీద నిలవదు, కాబట్టి జిగురు పాలు పెంచండి. వీలైతే దాతలను సున్నానికి బదులు బయటి గోడలకు వేసే తెల్ల పెయింటు ఇమ్మనండి.

సున్నపుబట్టీ, అనంతపురం

సున్నమే ఇస్తే నాకు చెప్పండి. రేకు మీద పట్టేలా కలిపే పాళ్లు మీ కుర్రాళ్లకు ఫోనులో చూపిస్తాను. ముందు ఒక్క ఇంటి మీద వేసి, ఒక వాన పడ్డాక చూసి, మిగతావి వేయండి.